మా ఊళ్ళో ఫారెస్టు అంటే అడవి కాదు



మా ఊళ్ళో ఎవరైనా "ఫారెస్టు వచ్చింది" అని కేకేస్తే అడవి వచ్చిందని కాదు, జీపు వచ్చిందని. ముందు సీట్లో సెక్షనాఫీసరు, వెనకాల బీటాఫీసరు, ఇద్దరు వాచర్లు. ఆ కేక వినగానే గొడ్డళ్ళు చూరు కిందికి పోతాయి, పోడు దగ్గరున్నోళ్ళకి కబురు పోతుంది. చిన్నప్పుడు నాకు ఫారెస్టు అంటే ఖాకీ బట్టలేసుకున్న మనుషులే. అది అడవికి ఇంగ్లీషు మాట అని బడిలో సారు చెప్పిన రోజు నేను నమ్మలేదు.

డిగ్రీలో ఉండగా ఒక స్నేహితుడు నాకు ఫోన్లో ఒక ఇంగ్లీషు పుస్తకం పంపాడు. మైదానం పిల్లోడు, మంచోడు, మన ధర్నాలకి వచ్చి కూర్చునే రకం. పుస్తకం పేరు 'ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్'. రాసినావిడ అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్. "చదువు భయ్యా, ఇది మీ కథే" అన్నాడు. నేను పేరు దగ్గరే ఆగిపోయాను. లోకానికి మాట ఫారెస్టు అంట! మా ఊరి లెక్కన చూస్తే, లోకమంతా డిపార్టుమెంటుదే అని అర్థం. ఆ లెక్కన మా కథే, సందేహం లేదు.

నవ్వు సరే. ఆ పుస్తకం రెండుసార్లు చదివాను. మీరూ చదవాలని ఇది రాస్తున్నా. అయితే "ఇది మీ కథే" అన్న మాట మీద నాకో పేచీ ఉంది, అదీ చెప్తా.

ముందు పుస్తకం ఎట్లా పుట్టిందో వినండి. లెగ్విన్ అమెరికాలో అణుపరీక్షలకి, తర్వాత వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపుల్లో నడిచిన మనిషి. 1968లో ఒక ఏడాది లండన్‌లో ఉండాల్సొచ్చింది. అక్కడ తనది కాని దేశంలో ఏ ఊరేగింపులో నడవాలి? ఇక్కడ చూస్తే తన దేశపు విమానాలు వియత్నాం అడవుల మీద ఆకులు రాల్చే మందు చల్లుతున్నాయి. ఆ కడుపుమంటని నవలికగా రాసింది. అడవి గురించీ కలల గురించీ రాయాలనుకుని కూర్చుంటే, కథ తనని లాక్కుపోయి ఇంకేదో రాయించిందని తనే తర్వాత ఒప్పుకుంది.

అదే 1968లో అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితలు రెండు ముక్కలయ్యారు. 'గెలాక్సీ' అనే పత్రికలో ఎదురెదురుగా రెండు ప్రకటనలు పడ్డాయి. ఒకదాంట్లో యుద్ధం సాగాలన్నోళ్ళ పేర్లు, రాబర్ట్ హైన్‌లైన్ లాంటి పెద్దోళ్ళు. ఇంకోదాంట్లో ఆపాలన్నోళ్ళవి, అసిమోవ్, రే బ్రాడ్‌బరీ, లెగ్విన్. రాకెట్ల కథలు, పిల్లల కథలు అనుకుంటాం కదా, వాటిని రాసేవాళ్ళు కూడా సంతకం ఏ కాగితం మీద పెట్టాలో తేల్చుకోవాల్సొచ్చింది.

నవలిక 1972లో బయటికొచ్చింది. విడి పుస్తకంగా కాదు, హార్లన్ ఎల్లిసన్ కూర్చిన 'అగెయిన్, డేంజరస్ విజన్స్' అనే లావుపాటి సంకలనంలో. అన్నట్టు ఆవిడ పెట్టుకున్న పేరు వేరు. 'లిటిల్ గ్రీన్ మెన్' అని, అంటే 'చిన్న ఆకుపచ్చ మనుషులు'. ఎల్లిసన్ ఇప్పుడున్న పేరు పెట్టాడు. ఈ ఒక్క విషయంలో సంపాదకుడికి దండం పెట్టాలి. 1973లో దానికి ఉత్తమ నవలికగా హ్యూగో అవార్డు వచ్చింది. ఆ ఏడాది పోటీలో ఎవరున్నారో తెలుసా? వియత్నాంలో స్వయంగా సిపాయిగా పోరాడి గాయపడి వచ్చిన జో హాల్డెమన్ రాసిన 'హీరో' ఉంది. జెర్రీ పూర్నెల్ రాసిన 'ది మెర్సినరీ' ఉంది, కిరాయి సైన్యం కథ. యుద్ధం అప్పటికి ఇంకా పూర్తిగా ముగియలేదు. ఓటేసిన పాఠకులు గెలిపించింది మాత్రం అడవి మనుషులు తిరగబడే కథని. విడి పుస్తకం 1976లో వచ్చింది.

కథ చెప్తా, పూర్తిగా కాదు. భూమ్మీద చెట్లు అయిపోయాయి. కలప బంగారం కంటే ఖరీదు. ఇరవై ఏడు కాంతి సంవత్సరాల దూరంలో ఒక గ్రహం ఉంది, అంతా సముద్రం, అడవి. భూమోళ్ళు దానికి 'న్యూ తాహితి' అని పేరు పెట్టారు. అక్కడివాళ్ళకి దాని పేరు 'అత్షే', ఆ మాటకి వాళ్ళ భాషలో అడవి అని కూడా అర్థం. ఆ మనుషులు మీటరు ఎత్తుంటారు, ఒంటినిండా పచ్చటి బొచ్చు. భూమోళ్ళు వాళ్ళని 'క్రీచీలు' అంటారు, తిట్టుమాట. వాళ్ళని పట్టుకొచ్చి దొడ్లలో పెట్టి కలప పని చేయిస్తారు. దానికి కాగితాల మీద పేరేంటంటే స్థానిక స్వచ్ఛంద శ్రామిక దళం.

ఆ 'స్వచ్ఛంద' అన్న మాట దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు బయటికెళ్ళొచ్చా. గూడెం కొండల్లో నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించిన తహసీల్దారు బాస్టియన్ గుర్తున్నాడా? సరైన కూలి ఇవ్వకుండా మనవాళ్ళ చేత రాళ్ళు కొట్టించాడు. 1922లో స్టేషన్ల మీద దాడులు జరగడానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు కూడా ఒకటి. ఆ పని కూడా రికార్డుల్లో కూలిపనే, ఎవరూ వెట్టి అని రాసుకోరు. ఏ ప్రభుత్వమూ తన రిజిస్టర్లో ఆ మాట రాయదు. లెగ్విన్ మన కొండల గురించి చదివిందో లేదో నాకనవసరం. రిజిస్టర్లో ఏ పేరు రాస్తారో ఆవిడకి తెలుసు.

కథలో ముగ్గురే ముఖ్యం. డేవిడ్‌సన్ అనే కెప్టెన్. సెల్వర్ అనే అత్షే మనిషి, వాడి భార్య థేలేని డేవిడ్‌సన్ చెరిచి చంపేస్తాడు. ల్యూబోవ్ అనే మానవ శాస్త్రవేత్త, సెల్వర్‌కి స్నేహితుడు, వాళ్ళ భాష నేర్చుకుని తన భాష నేర్పినవాడు. సెల్వర్ తిరగబడతాడు. అత్షే జనానికి మనిషిని చంపడం అంటే తెలియదు. గొడవొస్తే పోటీపడి పాటలు పాడి తేల్చుకుంటారు. సెల్వర్ ఆ జనానికి చంపడం అనేదాన్ని తెచ్చిపెడతాడు. వాళ్ళు గెలుస్తారు. ఆ గ్రహానికి ఇక వలసలు ఉండవని పై నుంచి వచ్చినవాళ్ళు ఒప్పుకుంటారు. కానీ సెల్వర్ సంబరపడడు. ఒకసారి నేర్చుకున్న చంపడాన్ని మళ్ళీ మర్చిపోయినట్టు నటించలేమని అతనికి తెలుసు. వాళ్ళు స్త్రీలని కూడా చంపారు, ఇక్కడ భూమోళ్ళ సంతతి పెరగకూడదని లెక్కేసుకుని మరీ చంపారు. ఆ పేజీలు చదవడం కష్టం. ఆవిడ వాటిని దాటేయలేదు.

ఇక విమర్శకులు ఏమన్నారంటే, బాగుంది కానీ ఉపన్యాసం ఎక్కువైంది అన్నారు. డేవిడ్‌సన్ మరీ దుర్మార్గుడు, ఇంత ఒంటిరంగు మనిషి ఉంటాడా అన్నారు. వింత ఏంటంటే లెగ్విన్ కూడా ఒప్పుకుంది. తర్వాతి ముద్రణకి రాసిన ముందుమాటలో, నీతి చెప్పాలన్న ఒత్తిడికి లొంగిపోయానని, పూర్తి చెడ్డ మనిషిని రాయడం తనకి ఇష్టం కాదని చెప్పుకుంది.

ఇక్కడ నాకు ఆవిడతోనే పేచీ.

నవలికలో ఎనిమిది అధ్యాయాలుంటే మూడు డేవిడ్‌సన్ తల లోపల నడుస్తాయి. పుస్తకం మొదలయ్యేదే అక్కడ. ఆ గొంతు ఎట్లా ఉంటుందంటే, అతనికి తను దుర్మార్గుడినని ఏ కోశానా తెలియదు. తను పనిమంతుణ్ణి, దేశభక్తుణ్ణి, మిగతావాళ్ళంతా మెతకగాళ్ళు అనుకుంటాడు. వీళ్ళు బద్ధకస్తులు, వీళ్ళకి నొప్పి మనకి తెలిసినట్టు తెలియదు, చెట్లు ఊరికే పడున్నాయి, ఎవరో ఒకరు వాడుకోవాలి కదా అనుకుంటాడు. ఇళ్ళలో, క్లాసు రూముల్లో కూర్చుని చదివినోళ్ళకి ఈ గొంతు అతిగా అనిపించి ఉండొచ్చు. నాకు అనిపించలేదు. మా ఊరి పోడు పట్టాల సర్వేకి వచ్చిన ఒక అధికారి, మా మామ ఇచ్చిన మంచినీళ్ళు తాగుతూ, "మీకు పట్టాలిచ్చి ఏం లాభం, రెండేళ్ళలో సారాకి అమ్ముకుంటారు, మీ మంచికే చెప్తున్నా" అన్నాడు. కోపంగా అనలేదు. నవ్వుతూ, సొంత మనిషిలా అన్నాడు. మా మామ కూడా నవ్వాడు, ఏం చేస్తాడు, కొలత టేపు ఆయన చేతిలో ఉంది. ఏజెన్సీలో మన భూమి గిరిజనేతరుడికి అమ్మడం చట్టప్రకారం చెల్లదని ఆయనకి తెలియక కాదు.

ఆ రోజు ఆయన తల లోపల ఏం నడుస్తుందో నాకు తెలియదు. డేవిడ్‌సన్ అధ్యాయాలు చదివాక కొంచెం తెలిసింది. అందుకే అంటున్నా, ఆవిడ తప్పు అని ఒప్పుకున్న చోటే మనకి పనికొచ్చేది ఎక్కువుంది. మన మీద ఎవరో జాలిపడి రాసిన పుస్తకాలు బోలెడు. మనల్ని కొట్టేవాడి బుర్ర లోపల కూర్చోబెట్టి చూపించే పుస్తకాలు తక్కువ.

ఇప్పుడు ల్యూబోవ్ సంగతి. పూర్తి పేరు రాజ్ ల్యూబోవ్. ముందు సగం మన దేశపు పేరు, వెనక సగానికి రష్యన్‌లో ప్రేమ అని అర్థం. అతను మంచోడు. సెల్వర్ ప్రాణం కాపాడాడు. వాళ్ళకి జరిగేది అన్యాయమని రిపోర్టులు రాశాడు. ఆ రిపోర్టులు చదివినోడు లేడు. తిరుగుబాటు మొదలయ్యాక సెల్వర్‌ని రహస్యంగా కలిసి ఆ కలిసిన మాట పైవాళ్ళకి రాయడు. రాస్తే స్నేహితుడికి ద్రోహం, రాయకపోతే తనవాళ్ళకి. చివరికి పట్నం మీద దాడి జరిగిన రాత్రి చచ్చిపోతాడు.

ఈ మనిషిని ఆవిడ ఇంత లోపల్నుంచి ఎట్లా రాయగలిగింది? ఆవిడ ఎవరి కూతురో తెలుసుకున్నాక నాకు అర్థమైంది. నాన్న ఆల్ఫ్రెడ్ క్రోబర్, కాలిఫోర్నియా యూనివర్సిటీలో మానవ శాస్త్రానికి పెద్ద పేరు. 1911లో ఓరోవిల్ అనే ఊరి దగ్గర ఆకలితో ఒక మనిషి అడవిలోంచి బయటికొచ్చాడు. యాహీ తెగవాడు. తెగంతా వలస తెల్లవాళ్ళ తుపాకులకి, రోగాలకి అయిపోయింది. క్రోబర్ వాళ్ళు ఆయన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యూజియంలో ఉంచారు. అవును, మ్యూజియంలోనే. అక్కడే పనిచేశాడు, వచ్చినోళ్ళకి బాణాలు చెక్కి చూపించాడు. వాళ్ళ ఆచారంలో తన పేరు తను చెప్పుకోకూడదు, అందుకని క్రోబర్ 'ఇషి' అన్నాడు, వాళ్ళ భాషలో 'మనిషి' అని. 1916లో క్షయతో చనిపోయాడు. శవాన్ని కొయ్యొద్దని, అది ఆయన నమ్మకానికి విరుద్ధమని క్రోబర్ దూరంగా న్యూయార్క్ నుంచి ఉత్తరం రాశాడు. అయినా కోశారు, మెదడు తీశారు. మరుసటేడు ఆ మెదడుని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌కి పంపించింది ఎవరో తెలుసా? అదే క్రోబర్. ఎనభై ఏళ్ళు దాటాక, 2000లో, అది ఆయన బంధు తెగలకి తిరిగొచ్చింది. 2021లో ఆ యూనివర్సిటీ తన భవనం మీద నుంచి క్రోబర్ పేరు తీసేసింది. ఇంకో కారణం కూడా చెప్పారు. ఓలోనీ జనం అంతరించిపోయినట్టేనని ఆయన రాసిన రాత, బతికున్న ఆ జనానికి హక్కులు రాకుండా అడ్డుపడింది.

స్నేహితుడే. ఉత్తరం రాసినవాడే. పార్సిల్ కట్టింది కూడా వాడే. లెగ్విన్ అమ్మ థియోడోరా ఇషి జీవితాన్ని పుస్తకంగా రాసింది, 1961లో వచ్చింది. అంటే ఆ ఇంట్లో ఈ కథ నడుస్తూనే ఉంది. ల్యూబోవ్‌ని తన నాన్నని పెట్టుకునే రాసిందని నేను అనను, రుజువు లేదు. కానీ మంచి మనసున్న శాస్త్రవేత్త చేతులు ఎక్కడ ఆగిపోతాయో ఆ ఇంట్లో పెరిగిన మనిషికి తెలియకుండా ఉంటుందా?

మనకీ ఒకాయన ఉన్నాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంని కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో చూసి చెప్పమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి భాష నేర్చుకున్నాడు, భూముల గురించి రాశాడు, బడులు పెట్టించాడు, పట్టాలు కూడా ఇప్పించాడు. మార్లవాయిలో ఆయనకీ ఆయన భార్యకీ సమాధులున్నాయి, మనవాళ్ళు ఇప్పటికీ ప్రేమతో మొక్కుతారు. నేనూ వెళ్ళి దండం పెట్టొచ్చా. కానీ ఈ నవలిక చదివాక ఒక్క సంగతి మర్చిపోలేకపోతున్నా. తుపాకి పేలాకే పంపారు ఆయన్ని. పేలకముందు భీం పెట్టుకున్న అర్జీలు ఎవరూ చదవలేదు. పుస్తకంలోనూ అంతే, ల్యూబోవ్ రిపోర్టులకి విలువొచ్చింది సెల్వర్ కలప క్యాంపు తగలబెట్టాక.

సినిమా సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 2009లో 'అవతార్' వచ్చాక ఈ నవలికే కాపీ కొట్టారని చాలామంది అన్నారు. కాపీయో కాదో నాకు తెలియదు, పోలికలు మాత్రం కళ్ళకి కనబడతాయి. లెగ్విన్ తన హైనిష్ రచనలన్నీ కలిపి వేసిన 2017 సంపుటాల్లో, పేరెత్తకుండా, ఒక భారీ సినిమా తన కథలా ఉందనీ, నీతిని మాత్రం తలకిందులు చేసిందనీ, దాంతో తనకే సంబంధం లేనందుకు సంతోషమనీ రాసింది. ఆవిడ బాధ హింస గురించి. సినిమాలో యుద్ధం పరిష్కారం, ఈలలు వేయించే పరిష్కారం. ఆవిడ కథలో యుద్ధం గెలిచినవాడికే మిగిలిపోయిన గాయం. నా బాధ ఇంకోటి. సినిమాలో వాళ్ళని గెలిపించేది బయట నుంచి వచ్చిన సిపాయి, వాళ్ళకంటే పెద్ద పక్షినెక్కి మరీ. నవలికలో బయటి స్నేహితుడు చచ్చిపోతాడు, గెలిపించేది సెల్వర్. 1972లో ఒక తెల్ల రచయిత్రి వేసిన ఆ అడుగుని 2009లో వెనక్కి లాగారు.

అయినా ఆ సినిమాని మనవాళ్ళు వాడుకున్నారు, అదీ చెప్పాలి. 2010 ఫిబ్రవరిలో సర్వైవల్ ఇంటర్నేషనల్ వాళ్ళు అమెరికా సినిమా పత్రిక 'వెరైటీ'లో దర్శకుడు కామెరాన్‌కి విజ్ఞప్తి వేశారు. మీ సినిమా కథ ఒడిశాలో నియమగిరి మీద డోంగ్రియా కోందులకి నిజంగా జరుగుతుంది, సాయం చేయండి అని. ప్రచారం బాగానే జరిగింది. కానీ వేదాంత బాక్సైటు గని ఆగింది మాత్రం 2013లో, సుప్రీంకోర్టు చెప్పాక పన్నెండు పల్లెల గ్రామసభలు ఒకదాని వెనక ఒకటి కూర్చుని వద్దన్నందుకు. పక్షులెక్కలేదు ఎవరూ. చేతులెత్తారు, వేలిముద్రలేశారు.

ఇప్పుడు "మీ కథే" అన్నదాని మీద నా పేచీ. అత్షే జనం మరీ అమాయకులు. చంపడం తెలియదు, అబద్ధం తెలియదు, మేలుకునే కలలు కంటారు. అందంగా ఉంది. కానీ మనల్ని ప్రేమించేవాళ్ళు ఎప్పుడూ ఇట్లాగే రాస్తారు, గమనించారా? మలేసియాలో సెనోయ్ అనే ఆదివాసులున్నారు. వాళ్ళు పొద్దున్నే కూర్చుని కలలు చెప్పుకుని గొడవలు లేకుండా బతుకుతారని ఒక అమెరికా ఆయన ప్రచారం చేశాడు. పుస్తకం వచ్చాక ఒక మనస్తత్వ శాస్త్రవేత్త లెగ్విన్‌ని అడిగాడు, మీరు రాసింది వాళ్ళ గురించేనా అని. ఆవిడ వాళ్ళ పేరే వినలేదు. తర్వాత 1985లో డోమ్‌హాఫ్ అనే పరిశోధకుడు ఆ ప్రచారంలో చాలావరకు నిజం లేదని తేల్చాడు. కలల మనుషులు కావాలని వెతుక్కునేవాళ్ళకి ఎక్కడో ఒక తెగ దొరుకుతూనే ఉంటుంది.

మనం అంత అమాయకులమా? మా తాతలు గట్టు కోసం తలలు పగలగొట్టుకున్నారు. చేతబడి చేసిందని ముసలమ్మని ఊరవతల పెట్టిన ఊళ్ళు నాకు తెలుసు. అమాయకులం కాబట్టి హక్కులు ఇవ్వాలంటే, రేపు అమాయకత్వం పోయిందని ఎవడో చూపించి హక్కులు కూడా తీసుకుపోతాడు. జీన్స్ ప్యాంటు వేసుకుని మీటింగుకి పోతే "నువ్వు ట్రైబలేనా" అని నన్ను అడిగినోళ్ళున్నారు. మిమ్మల్నీ అడిగే ఉంటారు.

ఇంత పేచీ పెట్టుకుని కూడా దీన్ని మొన్న వేసవి నుంచి మా భాషలోకి మారుస్తున్నా. మొదటి అధ్యాయమే నడుస్తుంది. పేరు దగ్గరే ఇబ్బందొచ్చింది. మా అవ్వని అడిగా, "అడవిని మొత్తంగా ఏమంటాం అవ్వా?" అని. "ఏ అడవి?" అంది. వెదురు కొట్టే చోటికి ఒక పేరు, ఇప్పపూలు ఏరే చోటికి ఒకటి, దయ్యాలున్న వాగు పక్కకి ఒకటి, వరసగా చెప్పింది. "అన్నీ కలిపితే?" అంటే విసుక్కుని, "అన్నీ కలిపితే ఫారెస్టోళ్ళది" అంది.

రెండో ఇబ్బంది ఆ 'క్రీచీ' అనే తిట్టు. తెలుగులో అయితే వెతుక్కోనక్కర్లేదు. బస్సులో, హాస్టల్లో, సంతలో మనం విన్నవే చాలు, కావలసినన్ని. మా భాషలో అట్లాంటి మాట ఉండదేమో అనుకున్నా. అది కూడా అవ్వనే అడిగా, "వేరే జనాన్ని తక్కువ చేసి అనే మాట మనకేమన్నా ఉందా?" అని. అవ్వ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. ఆలోచించుకోకుండా నాలుగు చెప్పింది. రెండు కింద మైదానం వాళ్ళ మీద, రెండు గుట్టకి అవతల ఉండే మన పక్క తెగ వాళ్ళ మీద.

నాలుగూ రాసుకున్నా. ఏది వాడాలో ఇంకా తేలలేదు.